సాంచె నూనె

వందన లాప్‌టాప్‌కు రోగం ఒక్కటే, వైద్యులే మారుతున్నారు. నిక్షేపంలా నడుస్తూ నడుస్తూ టక్కున ఆరిపోతుంది. తెర నల్లబడుతుంది, అడుగు భాగం పెనంలా కాలుతుంది. ఓ పూట పక్కన పడేసి మళ్ళీ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఆ లేచిన సంబరం ఎంతసేపు? అవతల కస్టమరు తన గోడంతా వెళ్ళబోసుకుని, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అని అడిగే సమయానికి మళ్ళీ నల్లబడుతుంది. సరిగ్గా ఆ సమయం చూసుకునే ఆరుతుందని వందన ఒట్టు పెట్టి చెబుతుంది. పాడు యంత్రానికి అంత తెలివి ఉంటుందా అంటే, ఏమో, దాని ముందు కూర్చున్న మనిషికే తెలియాలి.

అది ఆటవస్తువైతే ఇంత ఏడుపు ఎందుకు? అది ఆమె బతుకుదెరువు. హైదరాబాదులోని ఒక కంపెనీకి ఆమె ఇంటి నుంచే పని చేస్తుంది. మిక్సీలు, కూలర్లు, ఫ్రిజ్‌లు కొన్నవాళ్ళు అవి పాడైనప్పుడు కంపెనీకి రాస్తారు కదా, ఆ రాతలకు జవాబు రాసేది వందనలాంటి వాళ్ళే. మాట్లాడే పని కాదు, రాసే పని. పొద్దున పదింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము" అని రాస్తూనే ఉంటుంది. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టి చూడండి అని ఊరందరికీ చెప్పే మనిషి యంత్రమే రోజు విడిచి రోజు చస్తుంటే ఏమనాలి? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే ఉంది ఆమె సంగతి.

మాట్లాడే ఉద్యోగాలు కూడా ఉన్నాయి, కానీ ఆ ఇంట్లో అవి కుదరవు. ఆమె ఉండేది సిరిసిల్లలో, సాంచెల ఇంట్లో. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ముందు గదిలో నాలుగు సాంచెలు, వెనక గదిలో వందన, నడుమ ఒక కిటికీ. నాలుగూ ఒకేసారి కొట్టుకుంటుంటే గోడ మీది క్యాలెండరు వణుకుతుంది, గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. కొత్తగా వచ్చిన చుట్టం కాసేపటికే తల పట్టుకుని "జర బయటికి పోదాం పా" అంటుంది. ఇంటివాళ్ళకు మాత్రం చప్పుడు ఉన్నట్టే తెలియదు. కరెంటు పోయి అది ఆగితేనే ఉలిక్కిపడతారు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరే మనుషులు. వందన, వాళ్ళ బాపు దశరథం. ఆమె పెళ్ళి చేసుకుని భివండి పోయింది, అదీ సాంచెల ఊరే, కొన్నేళ్ళకు ఒక్కతే బట్టల సంచితో తిరిగి వచ్చింది. ఆ కథ ఎత్తుకుంటే ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది, వద్దు. ఎందుకు వచ్చినవని అడగకుండా అన్నం పెట్టింది వాళ్ళవ్వ శంకరవ్వ. ఆమె ఉన్నన్నాళ్ళూ తండ్రి మాట బిడ్డకు, బిడ్డ మాట తండ్రికి మోసేది. "మీ బాపు గిట్లంటుండు", "నీ బిడ్డ గట్లంటుంది" అంటూ రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉండేది. మోసేటప్పుడు తన సొంత మాటలు రెండు కలిపేది కూడా, అది వేరే సంగతి. ముందటేడు ఆమె గుండె ఆగి పోయింది. మోసే మనిషి లేక ఆ ఇంట్లో మాటలే ఆగిపోయాయి.

దశరథానికి చెవులు సగం పోయాయి. మీసం మొలవకముందు నుంచి సాంచెల మధ్య నిలబడ్డవాడికి పోక ఏం చేస్తాయి? దానికి తోడు పుట్టుకతోనే ఆయన మితభాషి. తండ్రీ కూతుళ్ళకు మిగిలింది చేతి సైగలే. అయిదు వేళ్ళు నోటి దగ్గరికి తెస్తే అన్నం తిందాం రమ్మని, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఇప్పుడే వద్దని. చాలా రోజులు ఆ రెండు సైగలతోనే తెల్లారి పొద్దుగూకేది. వందనను నమస్కారం పెట్టి పలకరించేది ఊరూ పేరూ తెలియని కస్టమర్లే. వాళ్ళు పిలిచే పేరు కూడా ఆమెది కాదు, కంపెనీ పెట్టిన పేరు, అనన్య. ఖర్మ కాకపోతే ఏమిటిది?

అందుకే ఆ తెర నల్లబడినప్పుడల్లా ఆమె కళ్ళు ముందు గది వైపే పోయేవి. ఈ పని పోతే ముందు గదిలోకి పోయి కండెలకు నూలు చుట్టుకుంటూ కూర్చోవాలి. ఆ చప్పుట్లో ఇక ఏ మనిషితోనూ ఒక్క మాట ఉండదు. భివండిలో అట్లాగే గడిచింది ఆమెకు, పక్కన నలుగురున్నా పలకరించే దిక్కు లేక. మళ్ళీ ఆ బతుకు వద్దు. వద్దంటే వద్దు.

మొదట చూపించింది సిరిసిల్లలోనే, బస్టాండు దగ్గర రాకేశ్ షాపులో. "విండోస్ ఖరాబైంది అక్కా" అని కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. వారం తిరగకముందే ఆగింది. మళ్ళీ పోతే "ర్యామ్ పోయింది" అన్నాడు, మార్చాడు, అదీ అయింది. ఆ తరువాత పోతే వెనక మూత విప్పి బ్లోయరుతో లోపలి దూదంతా ఎగరగొట్టి, "సిరిసిల్లల ఏ మిషిన్ ఇప్పినా గింతే అక్కా, లోపట పరుపు కుట్టచ్చు" అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఇంకోసారి పోయేసరికి ఆమె రావడం దూరం నుంచే చూసి, షట్టరు సగం దించి పక్క హోటల్లోకి చాయకు పోయాడు. మహానుభావుడు, కనీసం సిగ్గుపడ్డాడు.

ఆ వారంలోనే మమతారాణి ఫోను చేసింది. వందన పనిని చూసే పై అధికారి ఆమె. ఎప్పుడూ ముఖం చూసింది లేదు, గొంతే. ఇంట్లో వినిపించక వందన ఫోను పట్టుకుని వీధిలోకి, అక్కడా పక్కింటి సాంచెల చప్పుడు ఉంటే సందు చివరిదాకా పరుగెత్తింది.

"వందన గారూ, మీరు రాసేది కస్టమర్లకు నచ్చుతుంది. నాకూ నచ్చుతుంది. కానీ మీరిట్లా మాట మధ్యలో మాయమైతే వాళ్ళు కంపెనీని తిడుతున్నారు. ఇంకొక్కసారి జరిగితే ఇక నా చేతుల్లో ఉండదండీ."

"లేదు మేడం, ఈసారి పెద్ద షాపులో చూపిస్తున్నాను" అంది వందన. ఆ మాట అనేటప్పటికి పెద్ద షాపు ఎక్కడుందో ఆమెకు తెలియదు.

కరీంనగర్‌లో డాక్టర్లకు కొదవ లేదు, రిపేరు షాపులకు అంతకన్నా లేదు. నలుగురిని అడిగితే టవర్ సర్కిల్ వెనక సందులో కొండల్ అనే ఆయన ఉన్నాడని చెప్పారు. నడివయసు మనిషి, కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టి మాట్లాడతాడు. తొందర పడే రకం కాదు. విప్పి చూసి, ఫ్యాను పట్టేసిందని, అందుకే వేడెక్కి ఆరిపోతోందని చెప్పి కొత్త ఫ్యాను వేశాడు. సాయంత్రం దాకా అక్కడే నడిపి చూపించాడు. ఎంత నడిపినా చల్లగా, బుద్ధిమంతురాలిలా నడిచింది.

"ఇంట్ల దుమ్ము గిట్ల ఉంటదా చెల్లె?"

"దుమ్మేడిదన్నా, రోజు రెండుపాలి ఊడుస్త" అంది వందన.

సాంచెల సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, ఆమెకు తోచలేదు. మా ఇంట్లో గాలి ఉంది అని ఎవరైనా చెబుతారా? సాంచెల ఇంట పుట్టినవాళ్ళకు గాలిలో ఎగిరే నూలు దుమ్ము దుమ్ము కింద లెక్క కాదు. అన్నంలో పడితే తీసేస్తారు, కంట్లో పడితే నలుపుకుంటారు, తలలో పడితే దులుపుకుంటారు, అంతే.

ఇంటికి తెచ్చాక దశరథం సాంచె ఆపకుండానే కిటికీ దగ్గరికి వచ్చాడు. అయిందా అన్నట్టు తల ఎగరేశాడు. ఆమె తల ఊపింది. ఆయన లోపలికి వచ్చి, పిల్లకు జ్వరం చూసినట్టు లాప్‌టాప్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"ఏం కొత్తది ఎక్కిచ్చిండ్రు?" అని గట్టిగా అడిగాడు.

"ఫ్యాను" అని ఆమె ఆయన చెవిలో అరిచింది.

"ఫ్యానా. మంచిగైంది" అని తల పంకించి పోయాడు. ఆ నెలలో వాళ్ళిద్దరూ నోటితో మాట్లాడుకున్న పెద్ద ముచ్చట అదే.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. వందన కూడా తెగించి, "ఇగ దీనికేం ఫికర్ లేదు" అనుకుంది. అనుకోకూడదు. అనుకున్నదే తడవుగా మొదలైంది. ఫ్యాను గొంతు మారింది, అడుగు వేడెక్కింది. ఆ రోజు మంథని నుంచి ఒకావిడ రాస్తోంది. బిడ్డ సీమంతానికి కొన్న కొత్త ఫ్రిజ్ చల్లబడటం లేదట, చుట్టాలందరూ ఇంట్లో ఉన్నారట, వియ్యపురాలి ముందు పరువు పోతోందట. పాపం, ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క కన్నీటి బొట్టు. వందన ఓపికగా అన్నీ అడిగి, మంథనికి మనిషిని పంపే ఏర్పాటు చేసి, "రేపు పొద్దున్నే మా మెకానిక్" అని రాస్తుండగా తెర నల్లబడింది.

వందన దాన్ని కొట్టింది. అరచేత్తో, గట్టిగా, చెంప మీద కొట్టినట్టు. అది లేవలేదు. ఆమె తల దాని మీద పెట్టి ఏడ్చింది. పక్క గదిలో సాంచెలు నడుస్తుంటే ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినిపించదు, ఆ ఒక్క సౌకర్యం ఉంది ఆ ఇంట్లో.

మర్నాడు తొలి బస్సుకే కరీంనగర్ పోయింది. కొండల్ షాపు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుంది. ఆయన రాగానే, "నీ కొత్త ఫ్యాను పదొద్దులు కూడ నడువలే అన్నా" అంది. ఆయన మూత విప్పాడు. అద్దాలు నొసటి నుంచి ముక్కు మీదికి దించాడు. వేలితో లోపల తాకి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"చెల్లె, గిందుల నూనె ఎవలు వోసిండ్రు?"

"నూనేంది?"

"నూనె. సూడు. గీ నూనెకు దూది అంటుకొని పిండిముద్దయింది. ఇగ ఫ్యాను ఏడ తిరుగుతది? మీ ఇంట్ల సాంచెలున్నయా?"

ఆయన చాపిన వేలు దగ్గరికి వందన వంగింది. అంతే, ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ వాసన ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. వాళ్ళ బాపు చొక్కా వాసన అది, ఆయన చేతి వాసన. చిన్నప్పుడు ఆయన ఎత్తుకుంటే గౌనుకు అంటిన వాసన. భూమి చీలితే బాగుండుననిపించింది ఆమెకు. "తెల్వదన్నా" అంది.

కొండల్ లోపలంతా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ఇంకో ఫ్యాను వేశాడు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు. "సాంచెల దుమ్ము తగులకుంట జూడు. నూనె మాట యాదికే రావద్దు. గంత జేస్తె ఇగ నా మొకం సూసే పని ఉండదు నీకు."

వేములవాడ మీదుగా పోయే బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకు కోపం పెరుగుతూనే ఉంది. వేములవాడ దాటేసరికి తండ్రిని అనబోయే మాటలన్నీ వరసగా పేర్చుకుంది. అన్నీ పదునైనవే. ఇంట్లోకి పోతూనే చెప్పులు కూడా విడవకుండా ముందు గదిలోకి నడిచి, గోడకున్న మెయిన్ స్విచ్చి కిందికి గుంజింది. నాలుగు సాంచెలూ ఒక్కసారిగా ఆగాయి. పక్కింటి సాంచెల చప్పుడు దూరంగా, ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపించింది.

"బాపూ. నా మిషిన్ల నూనె వోసినవా?"

దశరథం తెగిన పోగు అతుకుతున్నవాడు చెయ్యి తీసి వెనక్కి తిరిగాడు. దాచే ముఖం కాదు ఆయనది. "పోసిన" అన్నాడు.

"ఎందుకు వోసినవ్?"

"ఎండిపోయింది బిడ్డా. చెయ్యి వెడితె గరగర అంటుంది. నువ్వు తానానికి పోయినప్పుడు జరంత, రెండు సుక్కలు."

"కొత్త ఫ్యాను ఏపిచ్చుకొని వచ్చినంక గూడ పోసినవా?"

"కొత్త సామానుకు నూనె వొయ్యకుంట ఎట్ల నడుపుతరు?" అన్నాడు దశరథం. ఆయన నిజంగానే అడిగాడు. సాంచెకు కొత్త ఇనుము ఏది ఎక్కించినా నూనె పొయ్యకుండా స్విచ్చి వెయ్యరు. చెయ్యి తిరిగిన ఏ పనివాడూ వెయ్యడు. కూతురు మరిచిపోయిందని, పిల్లకు ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయని ఆయన చేసిపెట్టాడు.

వందన పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. "అది సాంచె కాదు బాపూ. అదేందో నీకెర్కనా? ఎర్క లేనిదానికి చెయ్యెందుకు వెట్టినవ్? రిపేర్ల షాపుల పొంటి కుక్క తిరిగినట్టు తిరిగిన. నా నౌకరి మంటల గలిపినవ్. ఇగ నన్ను గూడ గీ కండెల కాడ కూసోవెట్టు, నీ కండ్లు సల్లవడ్తయ్." వాడకట్టంతా విన్నది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఆ వేళ మాత్రం ఆ సగం చెవులకు ఒక్క అక్షరం కూడా పొల్లు పోకుండా వినిపించింది.

ఆయన నూనె డబ్బా పట్టుకునే నిలబడ్డాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. "నాకేమెర్క బిడ్డా. ఏది ఆగినా నూనె వోసిన, నడిచింది" అన్నాడు. చివరికి దాన్ని గూట్లో పెట్టి, "రేపటి సంది పగటీలి సాంచెలు బందు వెడ్త. నువ్వు పని జేసుకో. పొద్దూకినంక నేను నడుపుకుంట" అన్నాడు. ఆమె లోపలికి పోయింది.

మర్నాడు పది కొట్టగానే ఆయనే స్విచ్చి దించాడు. చీపురు పట్టుకుని వెనక గది మూలమూలా దులిపాడు, కిటికీకి తడి దుప్పటి కట్టి, సాంచెలు నడిచేటప్పుడు దించేలా ఓ వారగా మలిచాడు. ఇల్లు చావు ఇల్లులా నిశ్శబ్దమైంది. వందన లాప్‌టాప్ తెరిచింది, పాస్‌వర్డు కొట్టింది. తీసుకోలేదు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. తీసుకోలేదు. పెరట్లోకి పోయి మమతారాణికి ఫోను చేసింది.

"మీ ఐడీ నిన్ననే మూసేశారండీ" అంది మమతారాణి. "మంథని కస్టమరు చాలా పైదాకా రాసింది. నేను చెప్పి చూశాను, వినలేదు. ఏమీ అనుకోకండి వందన గారూ."

"సరే మేడం" అంది వందన. ఫోను పెట్టేసింది. ఇంకా ఏమనాలి?

లోపలికి వచ్చేసరికి దశరథం గడపలో కూర్చుని ఉన్నాడు. నూలు ఇచ్చే సేఠు దగ్గర పనిచేసే వెంకటికి, ఇక గుడ్డ ఆలస్యమవుతుందని అప్పుడే చెప్పి పంపాడు. ఏ పనీ లేని చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కూతురి ముఖంలోకి చూశాడు.

"నడుస్తుందా?" అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ నౌకరి పోయింది అంటే, నీ నూనే దాన్ని పోగొట్టింది అని చెప్పినట్టే. నిన్న కోపంలో ఊరంతా వినేలా అన్న మాట, ఇవాళ నిజమయ్యాక మెల్లగా చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"నడుస్తుంది బాపూ" అంది.

ఆ రోజు నుంచి చూడాలి ఆ ఇంటి తమాషా. పది కాగానే ఆయన సాంచెలు ఆపుతాడు, ఆమె పోయి లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఖాళీ పేజీ తెరుచుకుని "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము" అని కొడుతుంది. కింద మళ్ళీ అదే కొడుతుంది. పేజీ నిండితే చెరిపేసి మొదటి నుంచి కొడుతుంది. అవతల ఎవరూ లేరు. అనన్య అని పిలిచేవాళ్ళు కూడా లేరు. చేతికి పని, మనిషికి ఏకాంతం. ఆ యంత్రం మాత్రం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆరిపోతే ఒట్టు. చల్లగా, తేలిగ్గా, ఊపిరి తీస్తున్నట్టే తెలియకుండా నడుస్తోంది. ఎవరికోసం? అంత నిశ్శబ్దంలో కూర్చుంటే ఆమెకు తాను ఎంత ఒంటరిదో చెవులారా వినిపించేది.

ఓ మధ్యాహ్నం వెంకటి వచ్చాడు. గడపలోనే నిలబడి గొంతు పెంచాడు.

"కాకా, గుడ్డేది? రాత్రిపూట నేస్తె గింతనే అయితది. సేఠు నూలు వేరేటోళ్లకు ఇస్తనంటుండు. పగటీలి ఎందుకు బందు వెడుతున్నవ్?"

"మెల్లగ మాట్లాడు" అన్నాడు దశరథం. "బిడ్డ నౌకరి జేస్తుంది."

"నూలు వోతె ఏం తింటవే కాకా?"

"పోతె పోనీ. సప్పుడు జెయ్యకు."

వందన చేతులు అక్షరాల మీద ఆగిపోయాయి. వెంకటి గొణుక్కుంటూ పోయిన చప్పుడు, ఆయన మళ్ళీ గడపలో కూలబడిన చప్పుడు, అన్నీ వినిపించాయి. ఇక కూర్చోలేకపోయింది. లేచి వచ్చి తండ్రి పక్కన, గడపకు ఇవతల కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నేల మీది దూది ఏరుతూ ఉంది. బాపూ అనబోయింది. ఆయనే ముందు అన్నాడు.

"ఎన్నడు వోయింది బిడ్డా, నౌకరి?"

ఆమె దూది ఏరడం ఆపింది. "ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె." దశరథం వీధివైపే చూస్తూ చెప్పాడు. "నువ్వు పనిల ఉన్నప్పుడు నీలో నువ్వే నవ్వుకునేదానివి. సాంచె కాడికెల్లి నాకు కిటికీల కానొస్తుండె. ఎవలో ఏందో రాస్తరు, నువ్వు నవ్వుతవ్. మల్ల టకటక కొడ్తవ్, మల్ల నవ్వుతవ్. మీ అవ్వ వోయినంక గీ ఇంట్ల ఉన్న నవ్వు గదొక్కటే. గది ఆగిపోతె నువ్వు నవ్వుడు ఆగుతదని నూనె వోసిన."

తాను నవ్వుతానని వందనకు తెలియదు. నవ్వించే కస్టమర్లు ఒకరిద్దరు ఉండేవాళ్ళు, నిజమే. నవ్వితే చూసేవాళ్ళు ఉన్నారని మాత్రం ఆమె ఏనాడూ అనుకోలేదు.

"ఇప్పుడు అది ఆగుతలేదు" అన్నాడు ఆయన. "నువ్వు నవ్వుతలేవు. మరి పోయినట్టే గద."

ఆమె ఏడ్చింది. ఈసారి దాచుకోవడానికి చప్పుడు లేదు, దాచుకోలేదు కూడా. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకు రాదు, ఆ పని ఎప్పుడూ శంకరవ్వ చూసుకునేది. నూనె మరకల తువ్వాల తీసి ఆమె పక్కన పెట్టాడు.

"తెలిసినంక గూడ సాంచెలెందుకు బందు వెట్టినవ్ బాపూ?" అని అడిగింది దాంతో ముఖం తుడుచుకుంటూ.

"నువ్వు చెప్తవేమోనని. గా సప్పుట్ల చెప్తె నాకు ఇనరాదు."

వీధిలో పెళ్ళిళ్ళకు దీపాలు అద్దెకిచ్చే హనుమండ్లు సైకిలు మీద పోతూ వీళ్ళిద్దరినీ చూసి, ఏం దశరథం, సాంచెలు ఖరాబైనయా అని పలకరించి, జవాబు కోసం ఆగకుండా పోయాడు. దశరథం మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాడు. స్విచ్చి వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మరి ఏసుకోనా?"

"జరసేపు ఆగు బాపూ" అంది వందన.

ఆయన వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు, ఏం అడగాలో ఆయనకు తోచలేదు. ఇన్నేళ్ళుగా ఇద్దరికీ అలవాటు తప్పింది. ఎండ గడప దాటి లోపలిదాకా వచ్చింది, అయినా ఆయన లేచి సాంచెలు వెయ్యలేదు.